ఈ వయసులో పెట్టెలేమిటంటే...

"వదినగారూ, ఈ మధ్య సాయంత్రాలు బయటికే రావడం లేదు. ఒంట్లో బాగుండటం లేదా?" అని అడిగింది మా పక్కింటావిడ.

"బాగానే ఉందండీ. పెట్టెలు గీస్తున్నాను" అన్నాను.

"పెట్టెలా?!"

"అవును. అగ్గిపెట్టెలు, ట్రంకు పెట్టెలు, చెప్పుల డబ్బాలు... కాగితం మీద."

ఆవిడ ఓసారి నా మొహంలోకి చూసి, "మంచిదేలెండి, కాలక్షేపం" అని వెళ్ళిపోయింది. మర్నాటికల్లా వీధిలో మాట పుట్టింది. కూతురికి పెళ్ళి చేసి పంపాక నాకేమీ తోచడం లేదట! పాపం, బొమ్మలేసుకుంటున్నానట!

ఇందులో రెండు తప్పులున్నాయి. ఒకటి, నాకు తోచకపోవడం అనేది ఎప్పుడూ లేదు. ఇల్లు, మావారు, మంచం పట్టిన అత్తగారు... వీళ్ళ మధ్య తోచకుండా కూర్చోవడానికి తీరికేదీ? రెండోది, నేను గీస్తున్నవి బొమ్మలు కావు. ఉత్త పెట్టెలు. పువ్వూ లేదు, పిట్టా లేదు, రంగూ లేదు. ఎనిమిది మూలలు, పన్నెండు అంచులు. అంతే. యాభై మూడేళ్ళ వయసులో ఈ పన్నెండు గీతలూ కుదురుగా గీయడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఇంకా పూర్తిగా వచ్చిందని చెప్పను.

ఎందుకంత అవసరమొచ్చిందో చెబుతాను. విన్నాక, ఇది కాలక్షేపమో కాదో మీరే తేల్చండి.

గీసి చూపించండమ్మా!

ఎనిమిదేళ్ళ క్రితం మా వంటిల్లు పడగొట్టి కొత్తగా కట్టించాం. ఆ రోజు ముందుగదిలో మావారు, మా మరిది, తాపీ మేస్త్రి ప్లాను కాగితం చుట్టూ నిలబడి మాట్లాడుకుంటున్నారు. నేను కాఫీలు పట్టుకెళ్ళాను. ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా రోజుకి మూడు పూటలా వండుతున్నది నేను. అందుకని ధైర్యం చేసి, "కిటికీ పొయ్యికి ఎదురుగా కాకుండా పక్కకి ఉంటే బాగుంటుంది, గాలికి మంట ఆరిపోకుండా. గట్టు కూడా కాస్త..." అని మొదలుపెట్టాను.

మేస్త్రి మంచివాడే. "నోటితో చెబితే నాకు తెలీదమ్మా. ఇదిగో పెన్సిలు, గీసి చూపించండి" అన్నాడు.

గీశాను. ఒక చతురస్రం గీశాను. దాని పక్కన ఇంకో చతురస్రం గీశాను. గట్టు ఎత్తు ఎలా చూపించాలో తెలీక రెండు గీతలు పైకి లాగాను. అది గట్టులా లేదు, విరిగిన మంచంలా ఉంది. మా మరిది ఫక్కున నవ్వాడు. మావారు కూడా నవ్వారు, ప్రేమగానే. మేస్త్రి నవ్వలేదు గానీ చూపు పక్కకి తిప్పుకున్నాడు. ఆ నవ్వుల కంటే ఆ చూపు తిప్పుకోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"సర్లెండి, అందరికీ కట్టినట్టే కడతాను" అన్నాడతను. కట్టాడు. గట్టు మూడడుగులు, అంటే 36 అంగుళాలు వచ్చింది. నా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. ఆ గట్టు సరిగ్గా నా మోచేతుల దగ్గరికి వస్తుంది. పైన పొయ్యి, పొయ్యి మీద గిన్నె. పులుసు కలపాలంటే చెయ్యి భుజం దాకా లేవాలి. అందుకని నాలుగంగుళాల ఎత్తు పీట ఒకటి వేసుకుని దాని మీద నిలబడి వండుతున్నాను. ఎనిమిదేళ్ళుగా నా సొంత వంటింట్లో నేను పీట మీద నిలబడి వండుతున్నానన్నమాట!

నిజమే, ఎత్తు చెప్పడానికి బొమ్మ అక్కర్లేదు. అంకె చెబితే చాలు. కానీ ఒకసారి నవ్వులపాలయ్యాక నోట్లోంచి అంకె కూడా రాదు. అది మీకు తెలియంది కాదు.

మట్టం ఎక్కడ?

కిందటేడు కాలు మడత పడి పదిహేను రోజులు మంచం మీద ఉన్నాను. అప్పుడు మా అమ్మాయి ఫోనులో పెట్టిచ్చిన పాఠాలతో మొదలైంది ఈ పెట్టెల పిచ్చి. పర్‌స్పెక్టివ్ అంటారు దీన్ని. దగ్గరున్నది పెద్దగా, దూరాన ఉన్నది చిన్నగా కనబడుతుంది కదా, దాన్ని ఒక లెక్క ప్రకారం కాగితం మీదికి దించే పద్ధతి. పెద్ద కొత్తదేం కాదు. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పదిహేనో శతాబ్దం మొదట్లో బ్రునెలెస్కీ అనే ఆయన దీన్ని ప్రయోగం చేసి చూపించాడు. తర్వాత 1435లో ఆల్బెర్టీ అనే పండితుడు చిత్రలేఖనం మీద రాసిన గ్రంథంలో దీని సూత్రాలు పెట్టాడు. బొమ్మ వేసే చట్రాన్ని ఆయన తెరిచిన కిటికీతో పోల్చాడు.

పాఠంలో మొట్టమొదటి మాట ఏమిటో తెలుసా? పెట్టె సంగతి కాదు. "ముందు నీ కంటి మట్టం గీత గీసుకో." హొరైజన్ లైన్ అంటారు దాన్ని. సముద్రం ఒడ్డున నిలబడితే నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత కనబడుతుంది చూడండి, అదే. అది చూసేవాళ్ళ కంటి ఎత్తులోనే ఉంటుంది. మీరు కూర్చుంటే అదీ కిందకి దిగుతుంది, మేడెక్కితే అదీ పైకి లేస్తుంది. ఎవరి గీత వాళ్ళదే!

నాకిది మొదట ఎక్కలేదు. వంటింట్లో నిలబడి చూశాక ఎక్కింది. మీరూ ఇప్పుడే వెళ్ళి చూడండి. కింద నేల మీదున్న బియ్యం డబ్బా మూత కనబడుతుంది. అటక మీదున్న అట్టపెట్టెకి మూత కనబడదు, అడుగు కనబడుతుంది. మధ్యలో సరిగ్గా మీ కంటి ఎత్తులో ఉన్న అల్మారా బల్లకి పైభాగమూ కనబడదు, అడుగూ కనబడదు, ఒక్క గీతలా ఉంటుంది. అదీ మీ కంటి మట్టం. ఆ గీతకి కిందున్న వస్తువుల అంచులు దూరం పోతున్న కొద్దీ పైకి లేస్తాయి, పైనున్నవాటి అంచులు కిందికి దిగుతాయి. అన్నీ ఆ గీత మీదే ఒక చుక్క దగ్గరికి పోయి కలుస్తాయి. వానిషింగ్ పాయింట్ అంటారు, మాయమయ్యే చుక్క. మా రాజమండ్రిలో గోదావరి మీద 1974లో తెరిచిన రోడ్డు కం రైలు వంతెన ఉంది. దాని మీద తిన్నగా సాగే చోట నిలబడి చూస్తే రెండు పక్కల కమ్మీలూ దగ్గరికి జరుగుతూ జరుగుతూ ఎక్కడో ఒక్కచోట కలిసిపోయినట్టుంటాయి. ఎన్ని వందలసార్లు ఆ వంతెన దాటానో! ఒక్కసారీ చూళ్ళేదు.

తర్వాత పీట ఎక్కి చూశాను. అల్మారా బల్ల పైభాగం కనబడింది. నా మట్టం నాలుగంగుళాలు లేచింది. పీట దిగాను. మళ్ళీ గీత అయిపోయింది.

అప్పుడు తట్టింది నాకు. ఈ వంటిల్లు కట్టినప్పుడు ఎవరి కంటి మట్టం గీసుకున్నారు? నాదైతే కాదు. దుర్మార్గంతో ఎవరూ చేయలేదు. అడగలేదు, అంతే. నేనూ చెప్పలేకపోయాను.

తెలిసింది వేరు, కనబడేది వేరు

పెట్టె గీయడంలో అసలు కష్టం చేతిది కాదండీ, బుద్ధిది. పెట్టె ముందువైపు ఎంత ఉందో వెనకవైపూ అంతే ఉంటుందని మనకి తెలుసు. అందుకని అంతే గీస్తాం. గీశాక చూస్తే వెనకభాగం ఉబ్బిపోయి, పెట్టె మన మీదికి వచ్చి పడుతున్నట్టు ఉంటుంది. చిన్నపిల్లలు బల్ల బొమ్మ వేస్తే నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులా చాచి వేస్తారు చూడండి, అలాగే. వాళ్ళు తెలిసింది వేస్తున్నారు, కనబడింది కాదు. యాభై ఏళ్ళు వచ్చేసరికి మనకి తెలిసినవి మరీ ఎక్కువైపోతాయి కదా! అందుకే పెద్దవాళ్ళకి కష్టం. నా మొదటి నెల పెట్టెలన్నీ నేను చూడకుండా గీసినవే.

ఒక కన్ను మూసుకుని, చెయ్యి బారచాపి, పెన్సిల్ని ఎదురుగా ఉన్న అగ్గిపెట్టె అంచుకి ఆనించినట్టు పట్టుకుంటే ఆ అంచు ఎంత వాలుగా ఉందో తెలుస్తుంది. మనం అనుకున్న వాలుకీ అసలు వాలుకీ ఎంత తేడానో! మా అత్తగారు మంచం మీంచి చూసి, "ఎవరికే కన్ను కొడుతున్నావు?" అన్నారు. ఆ రోజు ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఒక పద్ధతి చెబుతారు. పెన్సిలు వద్దు, పెన్నుతో గీయాలి. చెరపకూడదు. మణికట్టు తిప్పి కాకుండా భుజం నుంచి చెయ్యి కదిలించి గీయాలి. అలా 250 పెట్టెలు గీయాలి! గీసిన ప్రతి పెట్టెకీ తర్వాత వేరే రంగు పెన్నుతో అంచులన్నీ పొడిగించాలి. గీతలు దూరానికి పోతూ దగ్గరవుతున్నాయా, విడిపోతున్నాయా చూసుకోవాలి. నేను నీలం పెన్నుతో గీసి, ఎర్ర పెన్నుతో పొడిగించేదాన్ని.

ఈ ఎర్ర గీతల గురించి మీకు చెప్పి తీరాలి. నా జీవితంలో తప్పు అనేది ఎప్పుడూ ఎవరో ఒకరి నోటి నుంచే విన్నాను. కూరలో ఉప్పు దగ్గర్నుంచి పిల్ల పెంపకం దాకా. తప్పుతో పాటు ఒక విసుగో, ఒక నిట్టూర్పో, ఒక పోలికో కలిసే వచ్చేవి. ఈ ఎర్ర గీత అలా కాదు. "ఇదిగో, ఈ అంచు ఇంత పక్కకి పోయింది" అని చూపిస్తుంది. అంతే. "నీకెన్నిసార్లు చెప్పాలి" అనదు. "మీ పుట్టింట్లో ఇదేనా నేర్పింది" అనదు. తప్పు చేసి తలదించుకోకుండా ఉండొచ్చని నాకు యాభై మూడో ఏట తెలిసింది. ఎంత సుఖంగా ఉందో చెప్పలేను!

ఇంకో తమాషా. పెట్టె మూల మనవైపు తిరిగి ఉంటే మాయమయ్యే చుక్కలు రెండు ఉంటాయి, ఎడమ పక్కొకటి, కుడి పక్కొకటి. వాటిని కాగితం మీదే దగ్గర దగ్గరగా పెట్టేస్తే పెట్టె మూల కత్తి మొనలా పొడుచుకొస్తుంది. దూరంగా పెట్టాలి, ఒక్కోసారి కాగితం దాటి అవతలికి పోవాలి. కాగితం అవతల చుక్క ఎలా పెడతాం? నేను బల్ల మీద పాత పేపర్లు పరిచి, గుండుసూది గుచ్చి, దానికి కుట్టు దారం కట్టాను. దారం లాగి పట్టుకుంటే గీత ఎటు పోవాలో అదే చెబుతుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. తర్వాత తెలిసింది, పదిహేడో శతాబ్దంలో హాలెండుకి చెందిన వెర్మీర్ అనే గొప్ప చిత్రకారుడి బొమ్మలు కొన్నింటిలో సరిగ్గా ఆ చుక్క దగ్గర సూది గుచ్చిన బెజ్జం కనబడిందట. ఆయనా దారమే కట్టుకుని ఉంటాడంటారు. మా తాపీ మేస్త్రి గోడ కట్టేటప్పుడు దారమే కడతాడు. సూదీ దారం మన చేతిలో ఎప్పుడూ ఉన్నవే. కుట్టుపనికే పనికొస్తాయనుకున్నాం!

"నాకు రాదు" అని ఎవరన్నారు?

"నాకు బొమ్మలు రావండీ" అని మనలో ఎంతమంది అంటారు! నేనూ అన్నాను నలభై ఏళ్ళు. రావడానికి ఎవరైనా నేర్పారా అని ఎప్పుడూ అనుకోలేదు.

మా అన్నయ్య పాలిటెక్నిక్‌లో చేరినప్పుడు ఇంటికి డ్రాయింగ్ బోర్డు వచ్చింది. టీ స్క్వేరు, పెద్ద పెద్ద తెల్ల షీట్లు వచ్చాయి. రాత్రిళ్ళు వాడు గీస్తుంటే షీటు మూలలు లేవకుండా నేను పట్టుకునేదాన్ని. వాడికి మొదట్లో ఒక్క గీతా కుదిరేది కాదు. షీట్లకి షీట్లు చించేవాడు. "వాడికి రాదు" అని ఎవరూ అనలేదు. నేర్చుకుంటున్నాడు అన్నారు. రెండేళ్ళకి వచ్చింది. మా బళ్ళో ఆడపిల్లలకి ఆ పీరియడులో కుట్లు, అల్లికలు. నాకు జడకుట్టు, కాడకుట్టు వచ్చు. అవి తక్కువని అనను. కానీ రెండూ ఇద్దరికీ నేర్పి ఉంటే ఏం పోయేది? మా అన్నయ్యకి ఇవాళ్టికీ చొక్కా గుండీ కుట్టుకోవడం రాదు.

ఇది మన ఒక్కళ్ళ కథే కాదు. లండన్‌లోని రాయల్ అకాడమీని 1768లో స్థాపించినప్పుడు సభ్యుల్లో ఇద్దరు స్త్రీలున్నారు, ఏంజెలికా కాఫ్‌మన్, మేరీ మోజర్. అయినా ఆ అకాడమీ బడిలో చదవడానికి ఆడపిల్లల్ని రానివ్వలేదు. 1860లో లారా హెర్ఫర్డ్ అనే ఆవిడ తన పేరు పూర్తిగా రాయకుండా పొడి అక్షరాలు, ఇంటిపేరు మాత్రమే వేసి బొమ్మలు పంపింది. మగవాడే అనుకుని సీటిచ్చారు! తర్వాత కాదనలేకపోయారు. బొమ్మ చూసినప్పుడు తెలియని తేడా పేరు చూస్తే తెలిసిందన్నమాట.

అలాగని మన దగ్గర వెలుగే లేదనీ కాదు. మా ఊళ్ళోనే దామెర్ల రామారావు గారి పేరిట చిత్రశాల ఉంది. 1897లో పుట్టి 1925లోనే పోయారాయన. ఆయన భార్య సత్యవాణి గారు, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రకారిణులే. వందేళ్ళ క్రితం సంగతి ఇది. ఇంట్లో నేర్పేవాళ్ళుంటే, కుంచె పట్టుకుంటే నవ్వేవాళ్ళు లేకపోతే, ఆడవాళ్ళకి రాకపోవడం ఏముంది?

"మనకి ముగ్గులున్నాయి కదే, ఇవెందుకు?" అంది మా స్నేహితురాలు. మంచి ప్రశ్నే. చుక్కలు పెట్టి, లెక్క తప్పకుండా, ఒక్క ఊపులో మెలికల ముగ్గు వేసే చెయ్యికి ఎవరూ కొత్తగా గీత నేర్పక్కర్లేదు. కనుమ నాడు రథం ముగ్గు వేసి దాని తాడు పక్కింటి ముగ్గు దాకా లాగుతాం. అదంతా పైనుంచి చూసే లెక్క. నేల మీద పరిచిన లెక్క. అది గొప్పదే. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద పదహారో శతాబ్దపు చిత్రాలున్నాయి, మన చేర్యాల నకాశీ పటాలున్నాయి. వాటిలో గీతలన్నీ ఒకే చుక్క దగ్గరికి పరుగెత్తవు. అది లోపం కాదు, వేరే చూపు. పర్‌స్పెక్టివ్ తెలిస్తేనే చిత్రకళ అని నేననను. నేననేది ఒక్కటే. వంటిల్లు కట్టే మేస్త్రికి, బీరువా చేసే వడ్రంగికి, ఫ్లాటు అమ్మే బిల్డరుకి అర్థమయ్యే భాష ఒకటుంది. ఆ భాష మనకి రాకపోతే మన ఇంటి సంగతి మన తలమీదుగా మాట్లాడేసుకుంటారు.

నవ్వొద్దు, మెచ్చుకోనూ వద్దు

ఇంట్లోవాళ్ళ సంగతికొద్దాం. మావారు చెడ్డవారు కాదు. కానీ మొదట్లో ఎవరొచ్చినా, "మా ఆవిడ బాపు గారికి పోటీ వస్తోంది" అనేవారు. వచ్చినవాళ్ళు, "ఏదీ, చూపించండి" అనేవారు. చూపిస్తే ఏముంది? వంకర పెట్టెలు! "బాగున్నాయి బాగున్నాయి" అనేవారు, పసిపిల్లల్ని అన్నట్టు. చివరికి ఒకరోజు చెప్పేశాను. "మీరు నవ్వొద్దు, మెచ్చుకోనూ వద్దు. నన్ను కొన్నాళ్ళు బాగా రానిదాన్ని అయి ఉండనివ్వండి" అని. ఆయనకి మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఇప్పుడు సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా అత్తగారి దగ్గర ఆయన కూర్చుంటున్నారు. నేను భోజనాల బల్ల దగ్గర కూర్చుంటున్నాను.

ఆ గంట నాకు ఊరికే రాలేదు. "తీరిక దొరికినప్పుడు గీసుకో" అన్నారు ముందు. ఆడదానికి తీరిక దొరకదండీ, తీసుకోవాలి. తీరిక దొరికినప్పుడే నేర్చుకోవాలంటే మనం నేర్చుకునేది ఏమీ ఉండదు.

"ఈ వయసులో సహస్రనామం చదువుకోక..." అన్న పెద్దవాళ్ళూ ఉన్నారు. చదువుకుంటూనే ఉన్నాను, దానికీ దీనికీ పోటీ ఏముంది? "ఏం లాభం? అమ్ముతావా? పోటీలకి పంపిస్తావా?" అన్నవాళ్ళున్నారు. మావారు రిటైరయ్యాక క్లబ్బులో రోజూ పేకాడతారు. దాని లాభమేమిటని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆయన ఆడటం తప్పని కాదు. నన్నూ అడగొద్దంటున్నాను. పెట్టె గీయడం మావారికీ రాదు, నిజమే. కానీ రాదని ఆయన నోరు మూసుకోవాల్సిన సందర్భం ఈ ఇంట్లో రాలేదు. నాకొచ్చింది. తేడా అక్కడుంది.

ఇక ఆ గట్టు సంగతి. కిందటి నెల సింకు దగ్గర రాయి పగిలి నీళ్ళు కారుతుంటే గట్టు తీసి మళ్ళీ కట్టాల్సి వచ్చింది. మళ్ళీ అదే మేస్త్రి. ఈసారి నేను కాఫీతో పాటు ఒక కాగితం కూడా పట్టుకెళ్ళాను. గట్టు, పొయ్యి, పక్కకి జరిపిన కిటికీ, కింద డబ్బాల అర, పైన నాకు చెయ్యందే ఎత్తులో బల్ల. గట్టు ఎత్తు దగ్గర 31 అని వేశాను. గొప్ప బొమ్మ కాదు. కుడి పక్క అర ఇంకా కొంచెం వంకరగానే ఉంది. ఇంటికొచ్చిన మరిది కూడా తొంగి చూశాడు. నవ్వలేదు.

మేస్త్రి కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. "ఇది ఎక్కడ నిలబడి చూసినట్టమ్మా?" అని అడిగాడు.

ఎనిమిదేళ్ళకి ఎవరో ఒకరు అడిగారు!

"ఇక్కడ" అన్నాను, గుమ్మం దగ్గర నేల చూపించి. "పీట లేకుండా."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని టేపు తీశాడు. కిటికీ మాత్రం జరపడం కుదరదన్నాడు, పైన లింటెల్ ఉందట. సరే అన్నాను. కారణం చెప్పి కాదనడం వేరు, చూపు తిప్పుకోవడం వేరు.

నాది ఇప్పటికి 212వ పెట్టె. ఇంకా 38 ఉన్నాయి. వంటింట్లో పీట అక్కర్లేకపోయింది గనక దాన్ని బల్ల కింద వేసుకుని, కాళ్ళు పెట్టుకుని గీస్తున్నాను.

మీకూ ఇలాంటిదేదో ఒకటి ఉండే ఉంటుంది. పెట్టెలే కానక్కర్లేదు. సైకిలు కావచ్చు, ఈత కావచ్చు, బ్యాంకు లెక్కలు కావచ్చు. ఒకసారి ఎవరో నవ్వితే "నాకు రాదు" అని మూసిపెట్టేసినది. దాన్ని బయటికి తీయండి. పాత నోటుపుస్తకం, ఒక పెన్ను, ఎదురుగా అగ్గిపెట్టె... ఇంతకంటే ఖర్చు లేదు. మొదటిది వంకరగా వస్తుంది. రానివ్వండి. చెరపకండి. ఎర్ర పెన్నుతో పొడిగించి చూసుకుని, పక్కనే రెండోది గీయండి.